హీటింగ్ లైన్ ఖాళీ చేయకుండా వాల్వ్ మార్చాలంటే

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి రాస్తున్నది.

బెడ్‌రూమ్ రేడియేటర్ వాల్వ్ కింద బొట్టు బొట్టుగా కారుతోందని రాశావు. ఆ ఒక్క వాల్వ్ కోసం, బాయిలర్‌లో వేడెక్కి పైపుల్లో ఇల్లంతా తిరుగుతూ గదుల్లో రేడియేటర్లను వెచ్చబెట్టే లైన్ నీళ్ళన్నీ వంపేయాలా అని అడిగావు. అక్కర్లేదు నాన్నా. ఇన్నేళ్ళలో నేను మార్చిన వాల్వుల్లో చాలా వాటికి లైన్ ఖాళీ చేయనే లేదు. ఓపిక లేక కాదు, ఆ నీళ్ళను పారబోయడం నాకిష్టం లేక. లైన్‌లో ఏళ్ళ తరబడి తిరిగిన నీళ్ళలో ఉన్న ఆక్సిజన్ ఎప్పుడో ఇనుముతో కలిసి అయిపోయి ఉంటుంది. తుప్పు పట్టకుండా పోసిన మందు కూడా అందులోనే ఉంటుంది. అవి పారబోసి కొత్త నీళ్ళు నింపావంటే కొత్త ఆక్సిజన్‌ని లోపలికి పిలిచినట్టే. పైగా ప్రతి రేడియేటర్‌లోనూ గాలి పట్టి, రెండు రోజులు గాలి తీసే తాళం చెవి పట్టుకుని గది గదికీ తిరగాలి.

అయితే పానా పట్టే ముందు ఒక్క సంగతి నీకు బాగా అర్థం కావాలి. నీళ్ళు ఎక్కడ కారతాయా అని కాదు, గాలి ఎక్కడినుంచి దూరుతుందా అని చూడు. స్ట్రా నీళ్ళలో ముంచి పైన వేలు పెట్టి ఎత్తితే నీళ్ళు కింద పడవు కదా, వేలు తీయగానే పడతాయి. ఈ పనంతా నిలబడేది దాని మీదే.

అది నీ కళ్ళతో చూడాలంటే ఆ రేడియేటర్ దగ్గరే చూడొచ్చు. రెండు పక్కలా వాల్వులు మూసి, వాల్వ్‌కీ రేడియేటర్‌కీ మధ్య ఉన్న పెద్ద నట్టును కింద బేసిన్ పెట్టి కాస్త వదులు చెయ్యి. కొంచెం నీళ్ళు వచ్చి ఆగిపోతాయి. ఇప్పుడు పైన గాలి తీసే చిన్న స్క్రూను అర చుట్టు తిప్పు, కింద ధార మొదలవుతుంది. స్క్రూ బిగిస్తే ధార సన్నబడి ఆగిపోతుంది. బేసిన్ నిండినప్పుడల్లా పైన స్క్రూ బిగించు, పారబోసి వచ్చి మళ్ళీ తెరువు. కొత్తవాళ్ళు కింద నట్టుతో కుస్తీ పడతారు కానీ, ఆ ధారకు కుళాయి పైనున్న ఈ స్క్రూనే.

నీ దగ్గరున్నది ఏ రకం లైనో ముందు చూసుకో. బాయిలర్ మీద ప్రెజర్ గేజ్ ఉండి, అటక మీద చిన్న ట్యాంకు లేకపోతే అది మూసిన లైన్. అటక మీద బంతి వాల్వ్ ఉన్న చిన్న ట్యాంకు, దాని అంచు మీదుగా కొక్కెంలా వంగిన పైపు ఉంటే తెరిచిన లైన్.

మూసిన లైన్ అయితే పని తేలిక. చల్లగా ఉన్నప్పుడు గేజ్ 1 నుంచి 1.5 బార్ (ఒత్తిడి కొలత) మధ్య ఉంటుంది. బాయిలర్ ఆపి, కరెంటు తీసేసి, నీళ్ళు పూర్తిగా చల్లారనివ్వు. ఇది తొందరపడే చోటు కాదు, 60 డిగ్రీల నీళ్ళు చేతి మీద పడితే క్షణాల్లో చర్మం కాలుతుంది. నీళ్ళు నింపే గొట్టం రెండు చివరలా మూసి ఉందో లేదో కూడా చూసుకో. తర్వాత కింది డ్రెయిన్ కుళాయికి పైపు తగిలించి ఒత్తిడి దించు, ఒకటి రెండు బకెట్లకు మించి రాకపోవచ్చు. గేజ్ సున్నాకి రావడం లేదని కంగారుపడకు. పది మీటర్ల నీటి ఎత్తు దాదాపు ఒక బార్‌తో సమానం. బాయిలర్ కంటే ఐదు మీటర్లు పైన రేడియేటర్ ఉంటే, పైన ఒత్తిడి ఏమీ లేకపోయినా కింద గేజ్ అర బార్ చూపిస్తుంది. బాయిలర్ కింద నీళ్ళు వెళ్ళే, వచ్చే పైపులకు వాల్వులుంటే వాటినీ మూసెయ్యి. అప్పుడు లోపలి ఎక్స్‌పాన్షన్ వెసెల్ (వేడికి ఉబ్బే నీళ్ళకు చోటిచ్చే డబ్బా) మన పని మధ్యలో నీళ్ళు నెట్టకుండా ఉంటుంది.

తెరిచిన లైన్ అయితే బిరడాలు రెండు కావాలి. ఒకటి ట్యాంకు అడుగున నీళ్ళు దిగే రంధ్రానికి, ఇంకొకటి ఆ వంగిన పైపు నోటికి. చాలామంది మొదటిది పెట్టి రెండోది మర్చిపోతారు. అప్పుడు స్ట్రా పైన వేలు సగమే పెట్టినట్టవుతుంది. ఏ రకం లైన్‌లోనైనా తనంతట తాను గాలి వదిలే చిన్న పరికరాలు పైపుల మీద ఉంటే వాటి మూతలు బిగించు. గాలిని బయటికి వదిలే దారే ఇప్పుడు లోపలికి పీల్చే దారి అవుతుంది.

ఆ వంగిన పైపు గురించి ఒకటి చెప్పాలి, జాగ్రత్తగా విను. బాయిలర్ అదుపు తప్పి వేడెక్కితే ఆవిరి బయటికి పోయే దారి అదే. ఒకసారి నేను పని ముగించి సామాను సర్దుకుంటుంటే పెట్టెలో ఒకే బిరడా కనిపించింది. రెండోది పైన పైపులోనే ఉంది. ఇంటావిడ అప్పటికే స్విచ్ దగ్గర నిలబడి "వేసేయనా?" అని అడుగుతోంది. ఆ రోజు ఒళ్ళు చల్లబడింది. అప్పటినుంచి బిరడా పెట్టగానే బాయిలర్ ఫ్యూజ్ తీసి జేబులో వేసుకుంటాను. రెండు బిరడాలూ చేతిలోకి వచ్చాకే ఫ్యూజ్ పెడతాను. నువ్వూ అలాగే చెయ్యి.

ఇక అసలు పని. నువ్వు మార్చే వాల్వ్ కాకుండా రెండో చివర ఉన్నది, మూత తీస్తే పానాతో తిరిగేది, అది మూసేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి గోడ మీద టేప్ అంటించి రాసుకో. ఇంట్లో రేడియేటర్లన్నీ సమానంగా వేడెక్కడానికి ఎవరో కూర్చుని సరిచేసిన కొలత అది. మారుస్తున్నది థర్మోస్టాట్ తల ఉన్న వాల్వ్ అయినా, పక్కది అయినా, ఆ తలను సున్నా మీద పెట్టి నమ్మకు. గది బాగా చల్లబడితే అది తనంతట తాను తెరుచుకుంటుంది. తల తీసి, బిగించి మూసే ప్లాస్టిక్ మూత పెట్టు.

కింద పాత గుడ్డలు దట్టంగా పరుచు. వచ్చే నీళ్ళు నల్లగా ఉంటాయి. అది ఇనుము మడ్డి, కార్పెట్‌కి అంటుకుంటే పోదు. రేడియేటర్ ఖాళీ చేశాక, పాత వాల్వ్‌ను పైపుకి పట్టి ఉంచిన కింది నట్టు విప్పాలి. ఒక పానాతో వాల్వ్ కదలకుండా పట్టు, ఇంకో పానాతో నట్టు తిప్పు, లేకపోతే నేలలోకి దిగిన పైపు మెలిపడుతుంది. పాత వాల్వ్ పైకి లేవగానే పైపు నోటి మీద బొటనవేలు పెట్టు. కొద్దిగా నీళ్ళు ఉబికి ఆగిపోతాయి. 15 మిల్లీమీటర్ల పైపు నోరు నీళ్ళను బాగానే నిలుపుతుంది. వెడల్పు పైపు అయితే గాలి పక్కనుంచి దూరి గడగడా దిగుతాయి, అక్కడ ఈ ధైర్యం వద్దు. కొత్త వాల్వ్ పాతదాని కంపెనీదే దొరికితే పైపు మీదున్న నట్టు, ఇత్తడి రింగు అలాగే పనికొస్తాయి, అర నిమిషంలో కూర్చుంటుంది. ఆ రింగు కోసే పని పడితే మాత్రం చాలాసేపు పైపు తెరిచి ఉంటుంది కాబట్టి, ఆ నట్టుకు సరిపోయే మూత పక్కనే పెట్టుకుని మొదలుపెట్టు. రేడియేటర్‌లోకి బిగించే ముక్కకు టేప్ చుట్టేది కూడా ముందే అయిపోవాలి. రెండో మనిషి పక్కనే ఉండాలి, బేసిన్ పట్టడానికే అయినా సరే.

టంకం పని పెట్టుకోకు. లోపల నీళ్ళున్న పైపు ఎంత మంట పెట్టినా టంకం కరిగే వేడికి రాదు. నట్టుతో బిగించే జాయింట్లే వాడు.

బిరడా పెట్టే వీలు లేనిచోట పైపును గడ్డకట్టించే పద్ధతి ఉంది. పైపు చుట్టూ తొడుగు కట్టి చల్లటి వాయువు వదిలితే, లేదా కరెంటు మెషీన్ తగిలిస్తే, లోపలి నీళ్ళే మంచు బిరడా అవుతాయి. పంపు ఆగి, నీళ్ళు కదలకుండా ఉంటేనే అది కడుతుంది. స్ప్రే వాడితే కిటికీలు తెరువు, చేతులకు గ్లవ్స్ వేసుకో. పైపు కోసే ముందు దగ్గర్లోని నట్టు కాస్త వదులు చేసి, కారడం ఆగిందో లేదో చూసుకో. స్ప్రే మంచు ఎంతసేపు నిలుస్తుందో ఎవరూ హామీ ఇవ్వలేరు, పని పొడుగైతే మెషీనే మేలు.

అన్నీ బిగించాక, బిరడాలు పెట్టి ఉంటే తీసి, లైన్ నెమ్మదిగా నింపు, గాలి తీయి, బిగించిన మూతలు వదులు చెయ్యి, మూసిన వాల్వులు తెరువు. కారిపోయిన నీళ్ళకు తగినట్టు తుప్పు మందు కలుపు. వేడి చేసి ఒకసారి, మర్నాడు పొద్దున చల్లారాక ఇంకోసారి పొడి టిష్యూ కాగితం నట్టు చుట్టూ తిప్పి చూడు. కొన్ని లీకులు చల్లారినప్పుడే బయటపడతాయి.

వాల్వులు ఎంత తిప్పినా మూసుకోకపోయినా, వచ్చే నీళ్ళు బురదలా చిక్కగా ఉన్నా, రేడియేటర్లు అడుగున చల్లగా ఉంటున్నా ఈ ఉత్తరం పక్కన పెట్టి లైన్ మొత్తం ఖాళీ చేసి కడిగించు. అలాంటి నీళ్ళను కాపాడి లాభం లేదు. బాయిలర్ లోపలికి, గ్యాస్ పైపు దగ్గరికి మాత్రం వెళ్ళకు, అది లైసెన్సు ఉన్నవాళ్ళ పని.

మొదలుపెట్టే ముందు గేజ్ ఫొటో, అటక మీద ట్యాంకు ఉంటే దాని ఫొటో, ఆ వాల్వ్‌ని దగ్గరనుంచి తీసిన ఫొటో నాకు పంపు. చూసి ఫోన్ చేస్తాను, అప్పటిదాకా ఆ బొట్టు కింద గిన్నె పెట్టి ఉంచు.

మీ మామయ్య