పట్టుగూళ్లు ఎన్నో రోజున విడిపించాలి?

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. బైవోల్టిన్ (ఏడాదికి రెండు తరాలొచ్చే రకం) పట్టుపురుగులు పెంచుతున్నాను. పండిన (మేత మాని గూడు అల్లడానికి సిద్ధమైన) పురుగులను రెండు రోజులు ఏరి ఒకే చంద్రికల (గూళ్లు అల్లించే తట్టల) మీద వేసి, నాలుగో రోజు గూళ్లు విడిపించాను. మరకలున్నాయని మార్కెట్లో ధర తగ్గించారు. కొన్ని గూళ్లు కోసి చూస్తే లోపల పురుగు పురుగులాగే ఉంది. ఇది రోగమా?

జవాబు: మీరు చెప్పిన దాన్నిబట్టి రోగం కాదనిపిస్తోంది, తొందర వల్లే ఇలా జరిగింది. పురుగు గూడు అల్లడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అల్లిక ముగియగానే ప్యూపా (పురుగు రెక్కల చిలకగా మారే ముందు దశ) అయిపోదు. లోపలే ఒళ్లు కుదించుకుని, ఒకటి రెండు రోజులు కదలకుండా ఉండి చివరిసారి చర్మం వదులుతుంది. గూడు కోస్తే ఓ మూల నలిగి కనిపించే ముద్ద ఆ చర్మమే. కొత్త ప్యూపా లేత పసుపు రంగులో, వేలితో నొక్కితే చితికేంత మెత్తగా ఉంటుంది. గోధుమరంగుకు తిరిగి గట్టిపడటానికి ఇంకో రోజు కావాలి. ఈలోపు గూళ్లు లాగి బస్తాకెత్తితే లోపలి పురుగు చితికి, ఆ రసం పట్టుకు అంటుతుంది.

పైగా మీరు నాలుగు రోజులు లెక్కపెట్టింది మొదట వేసిన పురుగులకు. రెండో రోజు వేసిన వాటికి అది మూడో రోజే కదా! ఏ రోజు పురుగులను ఆ రోజు వేరే చంద్రికల మీద వేసి, తేదీ రాసిపెట్టండి. బైవోల్టిన్‌కు ఆరో రోజు, చలి ఉంటే ఏడో రోజు విడిపించండి. ముందు నాలుగైదు గూళ్లు కోసి చూడండి. చెవి దగ్గర ఊపితే ప్యూపా గలగలమని తగలాలి. అలాగని వారాలు ఆపొద్దు, రెక్కల చిలక గూడు తొలుచుకుని బయటపడితే దారం తెగి రీలింగ్‌కు (గూటి నుంచి దారం తీయడానికి) పనికిరాదు.

పురుగులన్నీ ఒకేసారి పండాలంటే 'సంపూర్ణ' అనే మందు వాడొచ్చు. పురుగు ఒంట్లో ఎదుగుదలను పట్టి ఉంచే హార్మోన్ తగ్గి, ఎక్డైసోన్ అనే మరో హార్మోన్ పెరిగినప్పుడే అది మేత మాని గూటికి సిద్ధమవుతుంది. (1954లో జర్మనీ శాస్త్రవేత్తలు 500 కిలోల పట్టు ప్యూపాల నుంచి ఈ ఎక్డైసోన్‌ను 25 మిల్లీగ్రాములే తీయగలిగారు!) సంపూర్ణలో ఉన్నది మొక్కల్లో దొరికే అదే కోవ పదార్థం. నూటికి ఐదు పురుగులు పండాక, ప్యాకెట్ మీది మోతాదులో ఆకుపై చల్లి మేపండి. అంతకు ముందే ఇస్తే గూళ్లు పలచబడతాయి.

అల్లే ముందు పురుగులు బాగా నీరు విడుస్తాయి, కాబట్టి చంద్రికల గదిలో గాలి ఆడనివ్వండి. వేడి 24–25 డిగ్రీలు దాటకుండా చూసుకోండి.