మేడిపండు జోలికి పోయిన అమ్మాయికి

అమ్మాయీ,

నీ కథ అందింది. నువ్వు అంటున్నానని ఏమనుకోకు, మా మనవరాలి ఈడుదానివి.

పద్నాలుగు పేజీల్లో మేడిపండు నాలుగుసార్లు వచ్చింది. కాంట్రాక్టరు మేడిపండు, వాడి మాట మేడిపండు, వాడు చేసిన కూతురి పెళ్ళి మేడిపండు, ఆఖరికి వాడు కట్టించిన గుడి కూడా మేడిపండే. పైకి నిగనిగ, లోపల పురుగులు. నాలుగోసారి చదివేసరికి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేశాను.

తప్పు నీ ఒక్కదానిదే కాదులే. వందల ఏళ్ళుగా మనవాళ్ళందరూ ఆ పండుని అలాగే తిట్టుకుంటూ వచ్చారు. నేనూ తిట్టాను. నా మొదటి కథలో ఒక కరణాన్ని మేడిపండు అన్నాను. అప్పుడు హైస్కూల్లో తెలుగు చెప్పేవాణ్ణి. మా సైన్సు మాస్టారు ఆ కథ చదివి ఏమీ అనలేదు. సాయంత్రం బడి వదిలాక నన్ను కాలవగట్టు మీది మేడిచెట్టు దగ్గరికి తీసుకెళ్ళి, మానుకి గుత్తులుగా వేలాడుతున్న కాయల్లో ఒకటి కోసి, బ్లేడుతో చీల్చి నా అరచేతిలో పెట్టారు. "చుట్టూ ఉన్నవి పూలండీ. మధ్యలో కదిలేది వీటికి మంత్రసాని" అన్నారు. చేతికి పాలు అంటుకుని జిగటజిగటగా ఉంది. నాకు సిగ్గేసింది.

మేడి పూయదంటారు. పూస్తుంది, కాయ లోపల. వందలకొద్దీ పూలు లోపలివైపు ముఖం పెట్టుకుని ఉంటాయి. తేనెటీగకి అందవు, గాలికి అందవు. తొడిమకి ఎదురుగా సూదిమొనంత కన్ను ఒకటి ఉంటుంది. దోమకన్నా చిన్న ఆడ కందిరీగ అందులోంచి దూరుతుంది. దారి ఎంత ఇరుకంటే దూరేటప్పుడు రెక్కలు ఊడిపోతాయి. ఇక మళ్ళీ బయటికి రావడం కల్ల. తను పుట్టిన చెట్టు నుంచి మోసుకొచ్చిన పుప్పొడిని ఈ పూలకి అంటించి, కొన్ని పూలలో గుడ్లు పెట్టి, అక్కడే చచ్చిపోతుంది. దాని పిల్లల్లో మగవి ముందు బయటపడతాయి. వాటికి రెక్కలుండవు. ఆడవాటితో జతకట్టి, కాయ గోడకి సొరంగం తవ్వుతాయి. దాంతో వాటి పని సరి. ఆడవి పుప్పొడి పట్టుకుని ఆ సొరంగంలోంచి ఎగిరిపోయి ఇంకో మేడిచెట్టుని వెతుక్కోవాలి. చేతిలో ఉన్నది ఒకటి రెండు రోజులు. మర్రికి వేరే కందిరీగ, రావికి వేరేది. మేడికి ఇదే. ఇది రాకపోతే మేడికి గింజ కట్టదు, మేడి లేకపోతే ఇది పుట్టడానికి చోటు లేదు. ఆ పళ్ళ మీద కోకిలలు, గోరింకలు, గబ్బిలాలు ఎన్ని బతుకుతాయో నీకు నేను చెప్పక్కర్లేదు. మీ పెరట్లోంచే కనిపిస్తాయి.

నీ కాంట్రాక్టరుకి ఇందులో ఎక్కడ పోలిక ఉంది చెప్పు? వాడెప్పుడైనా ఎవరికోసమైనా రెక్కలు పోగొట్టుకున్నాడా?

ఒక ప్రాణిని కథలోకి తెచ్చే ముందు అది ఎవరిని తిని బతుకుతుందో, దాన్ని తిని ఎవరు బతుకుతారో తెలుసుకో. తెలియకపోతే తేకు. దీన్ని నా చాదస్తమనుకున్నా సరే, యాభై ఏళ్ళుగా దీన్ని పట్టుకునే ఉన్నాను.

నీ కథలో సంక్రాంతికి అల్లుడికి పులస చేప పులుసు వండించావు. గోదావరి జిల్లాలో పుట్టి! సముద్రంలో ఉన్నంతసేపూ అది విలస. శ్రావణ భాద్రపదాల్లో ఎర్రనీరు దిగినప్పుడు గుడ్లు పెట్టడానికి ఎదురీది గోదాట్లోకి వచ్చాకే పులస. జనవరిలో ఎక్కడ దొరికింది ఆ అత్తగారికి? ధవళేశ్వరం దాకా ఈది, అక్కడ గోడకి తగిలి ఆగిపోతుంది. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాకే మన చేలకి నీళ్ళొచ్చాయి, మన కంచాల్లోకి అన్నమొచ్చింది. పులసకి మాత్రం దారి మూసుకుపోయింది. నీ అల్లుడి కంచంలో ఆ అన్నమూ ఆ చేపా పక్కపక్కనే ఉన్నాయి. నెల మార్చి రాసుంటే ఆ సంగతంతా నీకు ఊరికే దొరికేది.

"తొలకరికి కప్పలు బెకబెకమన్నాయి" అని ఇంకో చోట రాశావు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో రాత్రిళ్ళు పెట్రోమాక్స్ లైట్లు పట్టుకుని చేలల్లో కప్పల్ని గోనెసంచుల్లోకి ఎత్తేవాళ్ళు. కాళ్ళు విదేశాలకి వెళ్ళేవి. చేలో పురుగుని తినే నోరు పోయింది, దాని బదులు పురుగుమందు డబ్బా వచ్చింది. 1987లో ఎగుమతి ఆపేశారు. నీ కప్పలు అరుస్తున్నాయంటే దాని వెనక ఇదంతా ఉంది.

ఇప్పుడు కోనసీమ అనగానే ప్రతివాడూ పచ్చదనం అంటాడు. కొబ్బరాకులు, వరిచేలు, ప్రకృతి ఒడి. కొబ్బరీ వరీ, రెండే రకాల పచ్చ! అందరూ రాసేది ఆ రెండింటి గురించే. పక్కనే కాకినాడ దగ్గర కోరంగి మడ అడవిని చూడు. అభయారణ్యం చేసింది 1978లో. బావురుపిల్లి అక్కడ బురదలో చేప కోసం కాపు వేస్తుంది. దాని గురించి ఒక్కరూ కథ రాయరు. బురద ఫొటోలో బాగుండదు కదా.

ఆ బురద గురించి నేను రాశాను. తెల్లమడ చెట్టు కింద చిన్న పీతలు రాలిన ఆకుల్ని బొరియల్లోకి లాక్కుపోవడం, ఆ బొరియల్లోంచి గాలి బురద లోపలికి దిగడం, అది వేళ్ళకి మేలు చేయడం. పేజీన్నర. మూడు ఆదివారాలు పడవ కట్టించుకుని వెళ్ళి, మోకాలి లోతు బురదలో నిలబడి చూసి రాసింది. అప్పట్లో పేరున్న ఒక వారపత్రిక ఎడిటరు గారు ఆ పేజీన్నర తీసేసి, "జీవశాస్త్రం పాఠాలు మాకొద్దు" అని కార్డు ముక్క రాశారు. వెన్నెల గురించి నేను రాసిన రెండు పేరాలు మాత్రం ఉంచారు. ఆ వెన్నెల నేను చూసింది కాదు, ఇంకెవరి కథలోదో. ఆ పత్రికా లేదు, ఆయనా లేరు. కార్డు మాత్రం దాచుకున్నాను.

పోటీకి పంపాలా, పుస్తకం ఎవరు వేస్తారు, యాసలో రాయొచ్చా అని అడిగావు. యాస సంగతి ఇంకోసారి మాట్లాడుకుందాం.

అసలు ఈ ఉత్తరం రాయడానికి కారణం పదకొండో పేజీలో ఒక్క వాక్యం. మామ్మ వలలోంచి మండపీతని తీసి, తిరగేసి చూసి, "గుడ్డు మీదుంది, పోనీలే" అని మళ్ళీ పాయలోకి విసిరేస్తుంది. అంతే. తర్వాత వాక్యంలో మళ్ళీ నీ కాంట్రాక్టరు కారు దిగుతాడు. అక్కడ నేను చదవడం ఆపేసి చాలాసేపు కూర్చున్నాను. పొట్టకింది పలక వెడల్పు చూసి ఆడదని మామ్మకి తెలుసు. డిప్ప సందులోంచి ఎర్రగా కనిపిస్తే గుడ్డు నిండిందని తెలుసు. అలాంటి పీతకే ఎక్కువ రేటు పలుకుతుందనీ తెలుసు. అది ఆ గుడ్డుతో పాయ దాటి సముద్రంలోకి వెళ్ళి పిల్లల్ని వదులుతుంది. పూట గడవని మనిషి ఎక్కువ రేటుని చేతుల్తో నీళ్ళలోకి విసిరింది, నువ్వేమో కారు తలుపు చప్పుడు విని అటు పరిగెత్తావు!

కాంట్రాక్టరుని తీసెయ్. గుడినీ, పెళ్ళినీ తీసెయ్. మామ్మ ఆ పీతని ఏ పాయలో వదిలింది, పక్క పడవవాళ్ళు ఏమన్నారు, ఇంటికొచ్చాక ఆ రాత్రి కూరలోకి ఏం వేసింది? అవి రాసి పంపు.

ఉంటాను.