ఢిల్లీని ‘హస్తిన’ అనొచ్చా?

సందేహం: క్లాసులో పిల్లలతో రోజూ న్యూస్ పేపర్ చదివిస్తుంటాను. ‘హస్తినకు సీఎం’, ‘హస్తినలో రెండ్రోజుల మకాం’, ‘హస్తిన పెద్దలతో భేటీ’ లాంటి హెడ్డింగులు తరచూ కనిపిస్తాయి. భారతంలో హస్తినాపురం, ఇప్పటి ఢిల్లీ ఒకటేనా అని ఒక పిల్లాడు అడిగాడు. ఒకటి కాకపోతే అలా ఎందుకు రాస్తున్నారు? అలాగే ‘ఢిల్లీ ఒప్పుకోలేదు’ అని ఊరే మాట్లాడినట్టు రాయడం కరెక్టేనా? – ఒక హైస్కూల్ తెలుగు టీచర్

సమాధానం: టీచర్ గారూ, ఒకటి కాదు, అసలు రెండూ ఒకే నది ఒడ్డున కూడా లేవు. హస్తినాపురం గంగ వైపుది, ఢిల్లీ యమున ఒడ్డుది. హస్తినాపూర్ అనే ఊరు ఉత్తరప్రదేశ్‌లో మీరట్ జిల్లాలో ఇప్పటికీ ఉంది, ఢిల్లీ నుంచి రోడ్డు మీద వెళ్తే వంద కిలోమీటర్ల పైనే. అక్కడ 1950 నుంచి 52 దాకా పురావస్తు శాస్త్రవేత్త బి.బి.లాల్ తవ్వకాలు చేయించారు, పాత వరద ఆనవాళ్లు కూడా బయటపడ్డాయి. పురాణాల్లో చూస్తే పాండవుల వంశంలో తర్వాత వచ్చిన నిచక్షుడనే రాజు కాలంలో గంగ హస్తినాపురాన్ని ముంచేసిందని, అప్పుడు రాజధానిని కౌశాంబికి మార్చుకున్నారని ఉంటుంది, అంటే పురాణం లెక్కన చూసుకున్నా హస్తిన రాజధాని హోదా ఎప్పుడో పోయింది.

ఢిల్లీకి భారతంతో సంబంధం లేదా అంటే ఉంది, కానీ అది ఇంద్రప్రస్థం పేరుతో. ధృతరాష్ట్రుడు హస్తిన తన దగ్గరే ఉంచుకుని పాండవులకి ఖాండవప్రస్థం ఇస్తే అక్కడ వాళ్లు కట్టుకున్న ఊరు ఇంద్రప్రస్థం, అది ఇప్పటి పురానా ఖిల్లా దగ్గరే ఉండేదని సంప్రదాయంగా చెప్తారు. ఆ కోట లోపల ఇందర్‌పత్ అనే పల్లె ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కూడా ఉండేది, న్యూఢిల్లీ కట్టేటప్పుడు ఖాళీ చేయించారు. కాబట్టి ఢిల్లీని హస్తిన అనడమంటే పాండవుల ఊరికి కౌరవుల ఊరి పేరు పెట్టడం.

ఇక్కడ రాజధానుల రాజకీయం కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఈ పురాణ సంబంధాన్ని సర్కారీ కాగితం మీదకి ఎక్కించింది బ్రిటిష్ వాళ్లు. 1905లో బెంగాల్‌ని విభజించాక కలకత్తా అట్టుడికిపోయింది, అక్కడి నుంచి రాజధాని తీసేయాలని వైస్రాయ్ హార్డింజ్ 1911 ఆగస్టులో లండన్‌కి పెద్ద లేఖ పంపాడు, అందులో ఢిల్లీనే ఎందుకు అనేదానికి ఒక కారణంగా పాండవుల కథ, పురానా ఖిల్లా, ఇంద్రప్రస్థం అన్నీ ప్రస్తావించాడు, మొగలుల రాజధాని కాబట్టి ముస్లింలూ సంతోషిస్తారని కూడా రాశాడు. ఆ డిసెంబరు 12న ఢిల్లీ దర్బారులో ఐదో జార్జి రాజధాని మార్పు ప్రకటించాడు, బెంగాల్ విభజన రద్దు కూడా అదే రోజు. జనం మనసులో ఢిల్లీ అనే పేరుకి ఉన్న బరువు వాడుకుని తమ పాలనకి పాతదనం, హక్కు రెండూ తెచ్చుకోవాలనుకున్నారన్నమాట. లట్యెన్స్, బేకర్ అనే ఆర్కిటెక్టులు ప్లాన్ చేసిన కొత్త నగరం ప్రారంభమైంది 1931 ఫిబ్రవరిలో, ఆ తర్వాత పదహారేళ్లకే వాళ్లు వెళ్లిపోయారు. గమనించండి, ఢిల్లీని భారతంతో ముడిపెట్టి లాభపడాలనుకున్న హార్డింజ్ కూడా ఇంద్రప్రస్థం అన్నాడే గానీ హస్తిన అనలేదు.

మరి మన తెలుగు పేపర్లలోకి హస్తిన ఎలా వచ్చింది? నాకనిపించేది, రాయబారం నుంచి. మన పల్లెల్లో తరాల తరబడి పద్యనాటకాలు చూసిన జనానికి రాయబారం సీను కొట్టినపిండి, కృష్ణుడు హస్తినకి వెళ్తాడు, నిండు సభలో పాండవుల వాటా అడుగుతాడు, దుర్యోధనుడు సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనంటాడు. రాష్ట్రం నుంచి ఒక ముఖ్యమంత్రి ఫైల్స్ పట్టుకుని ఢిల్లీ ఫ్లైట్ ఎక్కగానే డెస్క్‌లో కూర్చున్న సబ్ ఎడిటర్‌కి ఆ సీను గుర్తొస్తుంది, ‘హస్తినకు సీఎం’ అని పెడతాడు. చదివేవాడికి కూడా టక్కున అర్థమవుతుంది. మాటకి ఆ బలం ఉంది, కాదనను.

అయినా నేను వద్దనే అంటాను, ఊరు తప్పు కావడం ఒక్కటే కారణం కాదు. హస్తిన అనగానే అక్కడ ఒక సింహాసనం, ఇక్కడి నుంచి చేతులు కట్టుకుని వెళ్లే వాళ్లు, ఇస్తే ఇచ్చినట్టు లేకపోతే లేనట్టు అనే బొమ్మ పాఠకుడి మనసులో పడిపోతుంది. కానీ మనం బతుకుతున్నది రాజ్యాంగం కింద. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా 280వ అధికరణం ప్రకారం ఏర్పడే ఫైనాన్స్ కమిషన్ సిఫార్సుల మీద వస్తుంది, అది రాష్ట్రం హక్కు, ఎవరి దయా కాదు. రోజూ హస్తిన, హస్తిన అని చదివి పెరిగిన పిల్లాడు ఆ హక్కుని వరం అనుకుంటాడు, నా బాధంతా అదే. పాలకులు ఎవరైనా సరే, ఏ పార్టీ అయినా సరే, వాళ్లని కౌరవుల్నీ మనల్ని పాండవుల్నీ చేసేసి మాట్లాడితే ఇంక అసలు లెక్కల గురించి ఎవరూ అడగరు.

ఢిల్లీ మనకి దూరం అనే మాట మాత్రం నిజమే, దాన్ని సూటిగా చెప్పినవాళ్లు ఉన్నారు. భాషా రాష్ట్రాల మీద 1955లో రాస్తూ అంబేద్కర్, దక్షిణాది వాళ్లకి ఢిల్లీ దూరం, చలి కూడా ఇబ్బంది పెడుతుంది, పైగా సరిహద్దుకి దగ్గర కాబట్టి రక్షణ పరంగానూ మంచిది కాదు, హైదరాబాద్, సికింద్రాబాద్, బొల్లారం కలిపి దేశానికి రెండో రాజధాని చేయండి అన్నారు. మొగలులకీ బ్రిటిష్ వాళ్లకీ రెండేసి రాజధానులు ఉండేవని కూడా గుర్తు చేశారు. అది జరగలేదు, బొల్లారంలో రాష్ట్రపతి నిలయం మాత్రం ఉంది. దూరం గురించి చెప్పాలంటే ఇలా వాదన పెట్టి చెప్పాలి అని నా అభిప్రాయం.

హెడ్డింగ్‌లో పట్టదు అనే సాకు కూడా కుదరదు, హస్తిన మూడక్షరాలు, ఢిల్లీ రెండే. పైగా అధికారానికి గుర్తుగా ఢిల్లీ మనకి ఎప్పటి నుంచో ఉన్న మాట, ‘ఢిల్లీకి రాజైనా తల్లికి కొడుకే’ అని సామెతే ఉంది కదా. బ్రిటిష్ వాళ్లు వందేళ్లకి పైగా కలకత్తాలో కూర్చుని పాలించినా ఆ సామెతలోకి కలకత్తా రాలేదు. ఇంకో మాట, దిల్లీ అని రాయాలా ఢిల్లీ అనా అని చాలామంది అడుగుతుంటారు, మన ఢ తప్పేం కాదు, ఢిల్లీలోని పాలంలో దొరికిన 1276 నాటి బావి శాసనంలో కూడా ఢిల్లీ అనే ఉంది.

ఇక రెండో ప్రశ్న. ‘ఢిల్లీ ఒప్పుకోలేదు’ అనడం తప్పు కాదు. మన అలంకారశాస్త్రంలో దీన్ని లక్షణ అంటారు, ‘మంచాలు కేకలేస్తున్నాయి’ అంటే మంచాల మీద ఉన్నవాళ్లు అని అర్థం చేసుకోవాలని పాత ఉదాహరణ. ఊరంతా పెళ్లికెళ్లింది, అసెంబ్లీ గగ్గోలు పెట్టింది అని రోజూ అంటూనే ఉంటాం. కాకపోతే లక్షణకి ఒక షరతుంది, ఆ చోటుకీ ఆ మనుషులకీ నిజంగా సంబంధం ఉండాలి, ప్రభుత్వం ఆ ఊళ్లో కూర్చుని ఉండాలి. రాజధాని పేరు పెడితే చాలు అనుకుని విదేశీ వార్తల్లో ఇక్కడే పొరపాటు చేస్తారు. నెదర్లాండ్స్‌కి రాజ్యాంగం ప్రకారం రాజధాని ఆమ్‌స్టర్‌డామ్, కానీ ప్రభుత్వం, పార్లమెంటు రెండూ ఉన్నది హేగ్‌లో, కాబట్టి డచ్ ప్రభుత్వం అనే అర్థంలో ఆమ్‌స్టర్‌డామ్ అని రాయకూడదు. బొలీవియాకి రాజ్యాంగ రాజధాని సూక్రే, ప్రభుత్వం నడిచేది లా పాజ్ నుంచి. దక్షిణాఫ్రికాలో నాలుగు కాలనీలు 1910లో కలిసేటప్పుడు రాజధాని మాకంటే మాకని పోటీ పడితే ప్రిటోరియాకి పాలన, కేప్‌టౌన్‌కి పార్లమెంటు, బ్లూమ్‌ఫాంటైన్‌కి న్యాయస్థానం ఇచ్చి సర్దుకున్నారు, అక్కడ ప్రభుత్వ నిర్ణయమైతే ప్రిటోరియా, చట్టం పాసైతే కేప్‌టౌన్. బర్మా వార్తల్లో ఇంకా యాంగోన్ అని రాసేవాళ్లున్నారు, సైనిక ప్రభుత్వం 2005లోనే కొత్త రాజధాని నేపిడాకి వెళ్లిపోయింది.

మన ఢిల్లీతోనే ఇంకో చిక్కుంది. రాజ్యాంగ 69వ సవరణ వచ్చాక ఢిల్లీకి సొంతంగా అసెంబ్లీ, ముఖ్యమంత్రి వచ్చారు, అందుకే ‘ఢిల్లీ ప్రభుత్వం’ అని రాస్తే అది కేంద్రం కాదు, అక్కడి ముఖ్యమంత్రి ప్రభుత్వం. ‘ఢిల్లీ పోలీసులు’ అంటే మళ్లీ కేంద్ర హోంశాఖ కింద పనిచేసేవాళ్లు, పోలీసు, శాంతిభద్రతలు, భూమి ఈ మూడూ అక్కడి అసెంబ్లీ చేతిలో లేవు. వాక్యంలో ఏ మాత్రం అనుమానానికి తావున్నా ఢిల్లీ అనే మాట పక్కనపెట్టి ‘కేంద్రం’ అని రాయించండి. హిందీ నుంచి అనువాదం చేసేటప్పుడు ‘రాష్ట్రీయ రాజధాని’ని రాష్ట్ర రాజధాని అనకుండా కూడా చూడండి, హిందీలో ‘రాష్ట్ర’ అంటే మన తెలుగులో దేశం అని అర్థం, తెలుగులో అది జాతీయ రాజధాని లేదా దేశ రాజధాని.