దృశ్యకళ చదివినవారికి ఏ వృత్తులు ఉంటాయి, ఎలా సిద్ధపడాలి?

దృశ్యకళను చదివితే చిత్రకారులుగా స్థిరపడటం తప్ప వేరే దారి ఉంటుందా అన్నది ప్రశ్న. తప్పకుండా ఉంటుంది; ప్రదర్శనలను రూపొందించే క్యూరేటర్లు, కళా చరిత్రకారులు, అధ్యాపకులు, పుస్తకాలకు బొమ్మలు వేసేవారు, పాత చిత్రాలను పరిరక్షించే నిపుణులు అందరూ ఈ చదువు నుంచే రావచ్చు. వీటిలో పరిరక్షణకు మాత్రం చేతి నైపుణ్యంతో పాటు రసాయన శాస్త్రం కూడా కావాలి, ఎందుకంటే పసుపెక్కిన వార్నిష్‌ను తొలగించే ద్రావణి దాని కింద ఉన్న రంగును కరిగించకూడదు.

ఏ వృత్తికైనా పునాది పరిశీలించడం, గీయడం, పదార్థాన్ని చేతితో తెలుసుకోవడమే. 1919లో వాస్తుశిల్పి వాల్టర్ గ్రోపియస్ జర్మనీలోని వైమార్‌లో స్థాపించిన బౌహౌస్ అనే కళా, డిజైన్ పాఠశాలలో, విద్యార్థులు వర్క్‌షాపుల్లో చేరే ముందు రూపం, రంగు, పదార్థాల స్వభావం నేర్పే ప్రాథమిక కోర్సును పూర్తి చేయవలసి ఉండేది. ఆ క్రమం ఈనాటికీ సరైనదేనని నా నమ్మకం.

మీ పనిని ఇతరులకు చూపించే సంకలనమైన పోర్ట్‌ఫోలియోలో పూర్తయిన చిత్రాలను మాత్రమే పెట్టకండి. ఒక ఆలోచన తొలి స్కెచ్ నుంచి ఎలా మారుతూ వచ్చిందో చూపే పేజీలు మీ గురించి ఎక్కువ చెబుతాయి. ప్రతి చిత్రానికీ సంవత్సరం, మాధ్యమం (ఏ రంగులతో, దేనిపై వేశారో), కొలతలు అప్పటికప్పుడే రాసి ఉంచుకోండి.