ఇష్టం సరే, ఆట ఏదీ?

బ్రాడీపేట, గుంటూరు
జూన్ 2025

అమ్మాయ్,

పారిస్‌లో ఫ్రెంచ్ ఓపెన్ టెన్నిస్ పురుషుల ఫైనల్లో సిన్నర్‌ని అల్కరాజ్ ఓడించిన ఆట మీద నువ్వు రాసింది మీ అమ్మ వాట్సాప్‌లో పంపింది. రెండుసార్లు చదివాను. ఐపీఎల్ ఫైనల్ అయి వారమైనా కాకముందే, విజయవాడలో కూర్చుని అర్ధరాత్రి దాకా ఎర్రమట్టి కోర్టు చూసే పిల్ల మనింట్లో ఉందంటే సంతోషమే. వ్యాసాన్ని మాత్రం ఇలాగే పత్రికకి పంపకు.

అల్కరాజ్‌ని ఆకాశానికెత్తావు, సిన్నర్‌ని మరమనిషి అన్నావు, జకోవిచ్ పనైపోయిందన్నావు. అభిమానం ఉంటే తప్పేం లేదు, నేనూ ఫెడరర్ మనిషినే. కానీ నీ రెండు పేజీల్లో ఎవరూ ఒక్క బంతి కూడా కొట్టలేదు!

నాలుగో సెట్ తీసుకో. అప్పటికే రెండు సెట్లు నెగ్గిన సిన్నర్ 5-3తో ముందున్నాడు. సర్వీస్ అల్కరాజ్‌ది, స్కోరు 0-40. మూడింట్లో ఒక్క పాయింట్ వస్తే కప్పు సిన్నర్‌దే. రాలేదు. నోటిదాకా వచ్చిన ముద్ద జారిపోయింది. నువ్వేమో 'అద్భుత పోరాటం' అని రెండు మాటల్లో దాటేశావు. చదివేవాడు ఊపిరి బిగబట్టేది ఇక్కడే కదా. ఆ మూడు పాయింట్లలో సర్వీస్ ఎటు పడింది, ర్యాలీ ఎంతసేపు సాగింది, ముందు తప్పు చేసిందెవరు? వీడియో మళ్లీ పెట్టుకుని ఆపి ఆపి చూడు, ఈ ఒక్క చోటుకే పెద్ద పేరా ఇవ్వు. ఆ తర్వాత 5-4 దగ్గర సిన్నర్ తన సర్వీస్‌లో కూడా ఆట ముగించలేకపోయాడు. అది నీ వ్యాసంలో లేనే లేదు.

5 గంటల 29 నిమిషాల ఆటలో పాయింట్లు లెక్కేస్తే సిన్నర్‌కి 193, అల్కరాజ్‌కి 192, కప్పు మాత్రం అల్కరాజ్‌కి. 2019 వింబుల్డన్ ఫైనల్లోనూ ఇదే తంతు: ఫెడరర్‌కి 218, జకోవిచ్‌కి 204, కప్పు జకోవిచ్‌కి. ఆ రోజు, సెట్ సమమైనప్పుడు ఆడే టైబ్రేకులు మూడూ అతనివే. చివరి సెట్‌లో 8-7, 40-15, సర్వీస్ ఫెడరర్‌ది. రెండింట్లో ఒక్క పాయింట్ వస్తే కప్పు ఫెడరర్‌దే. మొదటిది పోయింది. రెండోదానికి ఫెడరర్ నెట్ దగ్గరకొస్తే, జకోవిచ్ ఫోర్‌హ్యాండ్‌తో క్రాస్‌కోర్టుగా, అంటే కోర్టుకి ఐమూలగా, అతని పక్కనుంచి కొట్టేశాడు. నాకు ఒళ్లు మండింది, ఇప్పటికీ మండుతుంది. అయినా ఆ షాట్ గురించి రాయమంటే తక్కువ చేసి రాయలేను. ఆ మనిషే 38 ఏళ్ల వయసులో మొన్న సెమీస్ దాకా వచ్చాడు. పనైపోయిందని నువ్వనుకుంటే సరే, ఎక్కడ తగ్గాడో చూపించు. పరుగులోనా, రిటర్న్‌లోనా?

సిన్నర్ డోపింగ్ సంగతి ఓ వెక్కిరింతగా విసిరావు, కొట్టెయ్. 3 నెలల నిషేధం పడింది నిజం, మోసం చేసే ఉద్దేశం అతనికి లేదని ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా ఒప్పుకుందీ నిజం. రాస్తే రెండూ రాయి, లేదా ఆ ఊసే ఎత్తకు.

మహిళల ఫైనల్ మీద ఒక్క ముక్కా లేదేం? గాలి బంతిని ఇష్టమొచ్చినట్టు తిప్పుతున్న రోజున, తొలి సెట్ పోగొట్టుకుని కూడా గాఫ్ సబలెంకాని ఓడించింది. సబలెంకా చేసిన అనవసర తప్పిదాలు 70. ఆ తప్పుల పుణ్యాన గాఫ్ గెలిచిందా, లేక ప్రతి బంతినీ వెనక్కి పంపి గాఫే ఆ తప్పులు చేయించిందా? నన్నడిగితే నీ వ్యాసం దీనిమీద రాయాల్సింది.

ఉయ్యూరులో పుట్టిన సాకేత్ మైనేని 2014 ఆసియా క్రీడల్లో సానియాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచాడని చివర్లో అతికించావు. మనవాడే, కాదనను. కానీ పారిస్ ఫైనల్‌కీ దానికీ సంబంధమేంటి? తీసేసి విడిగా రాయి.

30న వింబుల్డన్ మొదలవుతుంది. తొలి వారంలో నీకు పేరైనా తెలియని ఇద్దరి మ్యాచ్ చూసి, ఒక్క సెట్ మీద మూడొందల మాటలు పంపు. ఈసారి కాగితం ఫొటోలు వద్దు, టైపు చేసి పంపు. నీ దస్తూరి నాకు అర్థం కావట్లేదు.

ఆశీస్సులతో,
మామయ్య