హిమాలయాల పువ్వుని పోల్చుకోవాలంటే

అమ్మడూ,

నువ్వు పంపిన ఫోటో చూశాను. ఫోటో బాగుంది కానీ, పేరు చెప్పడానికి చాలదు. అయిదు రేకులు, నీలంలో ఊదా ఛాయ, రేకుల మీద గీతలు. ఇంతవరకు చూసి జెరానియం అనగలను. ఉత్తరాఖండ్‌లో నువ్వు తిరిగిన పూల లోయలో (వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్) ఆగస్టులో విరివిగా పూసేది జెరానియం వాలిచియానమ్ కాబట్టి, అదే అయ్యుంటుందని నా అనుమానం. ఖాయం చేసుకోవాలంటే కాడ మీద ఆకు పుట్టే చోటు కనబడాలి. అక్కడ వెడల్పాటి పత్రపుచ్ఛాలు, అంటే ఆకు మొదట్లో ఉండే చిన్న ఆకుల్లాంటివి, ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, కంటికి బాగా ఆనతాయి. నీ ఫోటోలో పువ్వు మొహం తప్ప ఇంకేం లేదు మరి.

ఈసారి వెళ్ళినప్పుడు ఒక్కో మొక్కకి నాలుగైదు ఫోటోలు తియ్యి. మొక్క మొత్తం, పువ్వు ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి, ఆకు పైన, ఆకు అడుగున. కాయ కనబడితే అస్సలు వదలకు. జెరానియం కాయ కొంగ ముక్కులా పొడుగ్గా ఉంటుంది, పువ్వు రాలిపోయినా దాన్నిబట్టి పోల్చుకోవచ్చు. పక్కన ఓ రూపాయి బిళ్ళ పెడితే సైజు కూడా తెలుస్తుంది.

రంగుని మాత్రం నమ్ముకోకు. పొటెంటిల్లా అట్రోసాంగ్వినియా ముదురు ఎరుపులో పూస్తుంది, పసుపులోనూ పూస్తుంది. మొరీనా లాంగిఫోలియా పువ్వు తెల్లగా విచ్చుకుని, పరాగసంపర్కం అయ్యాక గులాబీ రంగుకి, ఎరుపుకి తిరుగుతుంది. ఒకే కాడ మీద రెండు రంగులూ ఉంటే ఏ రంగని రాసుకుంటావు?

పువ్వు వెనక చూడటం అలవాటు చేసుకో. అయిదు రేకుల పసుపు పువ్వు కనబడిందనుకో. బటర్‌కప్పా, పొటెంటిల్లానా? మెల్లగా వంచి వెనక చూడు. రేకుల్ని వెనక నుంచి పట్టుకుని ఉండే రక్షకపత్రాల కింద సన్నటి పచ్చ ఆకులు ఇంకో వరస ఉంటే బటర్‌కప్ కాదు. మన పెరటి మందారానికి కూడా అలాంటి రెండో వరస ఉంటుంది, వెళ్ళేముందు ఓసారి చూసుకో. అక్కడితో అయిపోలేదు, ఆ రెండో వరస జియం అనే ఇంకో పసుపు పువ్వు మొక్కకి కూడా ఉంటుంది. అప్పుడిక ఆకే దిక్కు. అట్రోసాంగ్వినియా ఆకులో మూడే చిట్టి ఆకులు, తిరగేస్తే అడుగున వెండిలా మెరిసే నూగు. జియం ఆకు పొడుగ్గా, ఈనెకి రెండు వైపులా చిన్నాకులతో ఉంటుంది.

నీలం పువ్వుల్లో రెండిటి దగ్గర జాగ్రత్త. వెనక తోక సాగినట్టుంటే డెల్ఫీనియం. పై రేకు టోపీలా వంగి కప్పుకుంటే అకోనైటం, మన ఆయుర్వేదంలో చెప్పే వసనాభి జాతి. రెండూ విషమే, వసనాభి దుంప మరీ విషం. దూరం నుంచే ఫోటో తీసుకో. పొరపాటున చెయ్యి తగిలితే కడుక్కున్నాకే బిస్కట్ ప్యాకెట్ విప్పు.

బ్రహ్మకమలం గురించి అడిగావు. మన వాళ్ళ కుండీల్లో రాత్రి పూసి, తెల్లారేసరికి వాట్సాప్ స్టేటస్‌లకెక్కేది మెక్సికో వైపు నుంచి వచ్చిన కాక్టస్. హిమాలయాల బ్రహ్మకమలం పొద్దుతిరుగుడు కుటుంబంది. పాలిపోయిన పల్చటి ఆకులు చుట్టూ కప్పుకుని, లోపల ఊదా రంగు పూల గుత్తి ఉంటుంది. దానికోసం లోయలో వెతుక్కోకు, పక్కనే ఉన్న హేమకుండ్ సాహిబ్ గురుద్వారా దారిలో 4,000 మీటర్ల ఎత్తు దాటాక రాళ్ళ మధ్య చూడు. ఎత్తు రాసుకోమని నేను పోరు పెట్టేది ఇందుకే. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి పెట్టుకో.

మొక్క పేరు చెప్పే యాప్‌లు వాడుకో, తప్పు లేదు. కానీ మొదట చూపించిన పేరునే పట్టుకోకు. ఆ మొక్క ఉత్తరాఖండ్‌లో, ఆ ఎత్తులో, ఆ నెలలో పూస్తుందా అని చూడు. ఈ మూడిట్లో ఒకటి కుదరకపోయినా ఆ పేరు కొట్టెయ్యి. కొమ్మ తెంచి తెస్తాను మావయ్యా అనకు, అది నేషనల్ పార్కు, అక్కడ పువ్వు కోయకూడదు. తేలని వాటి ఫోటోలు డెహ్రాడూన్‌లో బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ ప్రాంతీయ కేంద్రానికి పంపి అడుగు. వాళ్ళ దగ్గర ఎండబెట్టి దాచిన మొక్కల నమూనాలు ఉంటాయి, పోల్చి చూడగలరు. అప్పటికీ తేలకపోతే జెరానియం లాంటి మొదటి పేరు (ప్రజాతి పేరు) ఒక్కటే రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి ఊరుకో.

ఆశీస్సులతో,
మావయ్య