అమ్మాయి పుస్తకం, ఆయన కోపం

ప్రశ్న: మా అమ్మాయికి 17 ఏళ్లు. ఏదో దేవదూతల ప్రేమకథట, మొదటి భాగం అయిపోయి ఇప్పుడు రెండో భాగం పట్టుకుంది. హీరో స్వర్గం నుంచి వెళ్లగొట్టిన దేవదూత అని చెప్పింది. అర్ధరాత్రి దాటేదాకా చదువుతుంది, ఏడుస్తుంది. ఆయనకు తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తారని, పుస్తకం నేనే తీసి బీరువాలో దాచేశాను. అడిగితే నాకు తెలియదన్నాను. అప్పట్నుంచీ నాతో సరిగా మాట్లాడటం లేదు. ఇలాంటివి చదివితే పిల్లలు పాడైపోరా? ఎలా మాన్పించాలి? – ఒక తల్లి

జవాబు: మాన్పించొద్దమ్మా. పుస్తకం ఇవాళే ఇచ్చేయండి. ఎక్కడో దొరికినట్టు కాదు, ‘నేనే దాచాను, అబద్ధం చెప్పాను’ అని చెప్పి చేతికివ్వండి. ఆ వయసు పిల్ల నవల చదివి ఏడిస్తే పాడైపోదు. నిద్ర చెడుతోందంటే లైటు ఎన్నింటికి ఆర్పాలో ఇద్దరూ కూర్చుని అనుకోండి. మీరడిగినదానికి జవాబు ఇంతే.

దేవదూతలనగానే ఏ పిచ్చో పట్టిందని కంగారు పడకండి. కథ చాలా పాతది. దేవుని కుమారులు (అంటే దేవదూతలేనని చాలామంది అంటారు) మనుషుల కూతుళ్లను చూసి ఇష్టపడి పెళ్లాడారని బైబిల్లో ఆదికాండం 6వ అధ్యాయంలోనే ఉంది. హనోకు గ్రంథమని యూదుల పాత పుస్తకం ఒకటుంది, అందులోనైతే 200 మంది దేవదూతలు అలాగే హెర్మోను కొండ మీద దిగారు. ఆ కాసింత కథను పట్టుకుని 2009 నుంచి టీనేజీ పిల్లల కోసం వరసగా నవలలు వచ్చాయి.

వీటి రెండో భాగాల్లో చాలావరకు ఒకటే జరుగుతుంది. మొదటి భాగంలో దగ్గరైన జంట ఇక్కడ దూరమవుతుంది. అతను ఏదో దాస్తాడు. ఆ అమ్మాయి ఎన్నిసార్లు అడిగినా మాట దాటేస్తాడు. గట్టిగా నిలదీస్తే ‘నీ మంచి కోసమే’ అంటాడు. చదివే పిల్లలకు గుండె పట్టేసేది అక్కడే. మీ అమ్మాయి సరిగ్గా ఆ కథలో మునిగి ఉన్నప్పుడు మీరూ అదే చేశారు. తన మంచి కోసమని దాచారు, అడిగితే తెలియదన్నారు. తను మాట్లాడకపోవడంలో నాకు వింతేమీ కనిపించలేదు.

అయితే మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది అక్కడ కాదు. ‘ఆయనకు తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తారు’ అన్నారు చూడండి, అక్కడ. దాని గురించి మీరేమీ అడగలేదు. అది మామూలే అన్నట్టు ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. ఆయన కోపం చుట్టూ మీరు ఎంతకాలంగా ఇలా సర్దుకొస్తున్నారు? ఇంకా ఏమేం దాచారు? మీ అమ్మాయి పుట్టినప్పటినుంచీ చూస్తున్నది అదే కదా!

ఆ నవలల్లో నాకు నచ్చని సంగతి కూడా ఇదే. హీరో అమ్మాయిని భయపెడతాడు, చెప్పకుండా వెంటపడతాడు, తన కోపం చాలా ప్రమాదమని అతనే హెచ్చరిస్తాడు. అదంతా గాఢమైన ప్రేమ కిందే చెల్లిపోతుంది. అది ప్రేమ కాదని పిల్లకు చెప్పాల్సింది మీరే. కానీ ‘మరి నాన్నంటే నీకెందుకంత భయం?’ అని ఎదురడిగితే ఏం చెబుతారు? భర్తకు మర్యాద ఇవ్వాలి, నేనూ ఒప్పుకుంటాను. భయపడి అబద్ధాలాడటం మర్యాద ఎలా అవుతుందమ్మా? అందులో మీకూ గౌరవం లేదు, ఆయనకూ లేదు.

ఆయన నెమ్మదిగా ఉన్న సమయం చూసి మీరే చెప్పండి. ‘అమ్మాయి నవల చదువుతోంది. మీరు అరుస్తారని దాచాను. అది సరికాదనిపించి తిరిగి ఇచ్చేశాను’ అనండి. అరిస్తే బతిమాలకండి, ఏడవకండి. ‘కోపం తగ్గాక మాట్లాడదాం’ అని లేచి వెళ్లండి. మర్నాడు మళ్లీ అదే మాట ఎత్తండి. మొదటిసారికే మారతారని నేను అనను. మీరు మాత్రం వెనక్కి తగ్గొద్దు. ఒకవేళ ఆయన కోపం మాటలతో ఆగకుండా చెయ్యి లేచేదాకా వెళ్తుందా? అలాగైతే ఒంటరిగా ఈ ప్రయత్నం చెయ్యొద్దు. ముందు మీ అమ్మానాన్నలకో తోబుట్టువులకో ఉన్నదున్నట్టు చెప్పండి, మొహమాటపడకుండా నాకూ మళ్లీ రాయండి.

అమ్మాయి దగ్గర మొదటి భాగం అడిగి తీసుకోండి. మీకు ఇంగ్లిష్ కష్టమైతే కథ తననే చెప్పమనండి. ఆ హీరో గురించి మీకేమనిపించిందో దాచకుండా చెప్పండి. తను ఒప్పుకోదు, వాదిస్తుంది. వాదించనివ్వండి.